తెరవడానికి మూసిన గుడి

మంత్రిగారు మిషన్‌వారి రాతి గుడిని సందర్శించేలోగా జరిగి తీరవలసిన పనులు: బస్సు ఆగేచోటు నుంచి గుడిదాకా రోడ్డు గుంటలు పూడ్చడం, ఎనభై ఏళ్ళ గుడి పాతదిగా కనిపించకుండా రాళ్ళకు సున్నం కొట్టించడం, గంటగోపురంలోని గబ్బిలాలకు వేరే వసతి చూడడం, పూలదండలకు నూజివీడు మనిషిని పంపడం, గుడిని మూసివేయడం.

చివరి పని దగ్గర సువర్ణరాజు కలం ఆగింది. సన్మాన సంఘానికి కార్యదర్శి అతనే. మామిడితోటల్లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, బి.ఏ. పాసై, మిషన్ స్కూల్లో పంతులయ్యాడు. వాళ్ళ పేట మొత్తానికి బి.ఏ. అతనొక్కడే. అందుచేత ఊళ్ళో ఏ కాగితం రాయవలసి వచ్చినా ఆ గౌరవం అతనికే దక్కేది.

"మూయడం దేనికండీ?" అన్నాడు.

సంఘాధ్యక్షులు తిరుపతిరావుగారు పేరుమోసిన మామిడికాయల వ్యాపారి. పూత మీదే తోట కొనేంత దూరదృష్టి ఆయనది. "బి.ఏ. చదివావు, ఆమాత్రం తెలీదా? మంత్రిగారు ఊరికే చూసిపోవడానికి వస్తారా? ఏదో ఒక ఓపెనింగు ఉండాలి. మనూళ్ళో కొత్తగా కట్టిందేమీ లేదాయె. ఉన్నది ఈ గుడొక్కటి. తెరిచున్నదాన్ని ఎట్లా తెరుస్తారయ్యా? ముందు మూస్తేనేగా."

ఇందులో తప్పు పట్టడానికి బి.ఏ. చదువు చాల్లేదు. సువర్ణరాజు రాశాడు. పైకప్పు మరమ్మతుకు చందా ఇస్తామన్నాక పాస్టరు జోజిబాబు అయ్యగారూ సంతకం పెట్టారు. తాళం పడింది. ఆదివారం ఆరాధన పక్కనున్న మామిడితోటలోకి మారింది. కీర్తనల మధ్యలో కాయలు రాలినా అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారని, కళ్ళు తెరిచి చూసినవాళ్ళే చెప్పారు.

ఒక్కటే చిక్కు. సువర్ణరాజుకూ, మిషన్ ఆసుపత్రిలో నర్సు లేయాకూ ఈస్టరు వెళ్ళాక పెళ్ళి. ఈ పెళ్ళికి అభ్యంతరమున్నవాళ్ళు చెప్పండంటూ మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవడం కూడా అయిపోయింది. చదివిన మూడు నెలల్లోగా పెళ్ళి జరక్కపోతే ఆ ప్రకటన చెల్లదు. లేయా తల్లి పెళ్ళి ఆ గుడిలోనే అయింది, అమ్మమ్మ పెళ్ళీ అక్కడే. చేతులు జోడించినట్టు పైకి కొసదేరిన ఆ రాతి కమానుల కింద కాకపోతే తనకసలు పెళ్ళే వద్దని లేయా తేల్చి చెప్పింది.

"శనివారం మంత్రిగారొస్తారు, సోమవారం మన పెళ్ళి" అని సువర్ణరాజు ధైర్యం చెప్పాడు.

ఆ శనివారం మంత్రిగారికి అసెంబ్లీ. పై శనివారం జలుబు. ఆపై వారం బాపులపాడు దాకా వచ్చారు. అక్కడెవరో దారికడ్డం పడి సన్మానం చేస్తే, వచ్చిన పని ఇదే కాబోలనుకుని సంతోషంగా వెనక్కి వెళ్ళిపోయారు. మూడుసార్లూ దండలు మేకలు తిన్నాయి.

"ప్రకటనలు పాచిపోతున్నాయి పంతులుగారూ" అంది లేయా ఆసుపత్రి గేటు దగ్గర. "మీ మంత్రిగారి కోసం ఆగితే నాకు పెళ్ళిచీర బదులు రిటైరుమెంటు శాలువా కప్పాలి."

"రూలు రూలే కదా లేయా."

"ఆ రూలు రాసిందెవరో."

సువర్ణరాజు తిరుపతిరావుగారి దగ్గరికి వెళ్ళి, ఒక్క గంట తాళం ఇప్పించమన్నాడు. అప్పటికి ఆయన చిన్నరసాలు వెనక తలుపు గుండా గుడిలోకి చేరి, గడ్డిలో హాయిగా మాగుతున్నాయి. ఆ సంగతీ వినయంగా కదిపాడు.

"పెళ్ళంటే ఫంక్షను. కాయలు ఫంక్షనా?" అన్నారు తిరుపతిరావుగారు.

సువర్ణరాజు ఈ తేడాను మినిట్సులో నమోదు చేశాడు.

సరిగ్గా ప్రకటనల గడువు తీరే రోజున మంత్రిగారు నిజంగానే వచ్చారు. గుమ్మం ముందు మైకు పట్టుకుని, "ఇంకా లోపల అడుగు పెట్టనే లేదు, మహనీయుల త్యాగాల పరిమళం నాకు సోకుతోంది" అన్నారు. చిన్నరసాలు మాగిన వాసన అందరికీ సోకుతోంది. ఆపైన రిబ్బను కత్తిరించారు.

తలుపు తెరుచుకోగానే తెల్లచీర, తలమీద ముసుగు, చేతిలో పూలతో లేయా జనంలోంచి వచ్చింది. వెనకే గ్రంథం పట్టుకుని జోజిబాబు అయ్యగారు. "ఆ స్వాగతపత్రం జేబులో పెట్టుకుని పదండి" అని సువర్ణరాజు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. మంత్రిగారు ఇది తరవాతి అంశమనుకుని ముందు బల్ల మీద కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక ఆపగల మగాడెవడు? తిరుపతిరావుగారు చెవిలో విన్నవించుకున్నారు: "పూర్వం ఇక్కడ పెళ్ళిళ్ళెట్లా జరిగేవో చూపిస్తున్నామండీ."

మంత్రిగారు ముగ్ధులయ్యారు. ఫొటోగ్రాఫరుకు అందలేదని ఉంగరాలు మార్చుకోవడం రెండోసారి చేయించారు. "వరుడి వేషం వేసిన కుర్రవాడు భయం బాగా పలికించాడు" అని మెచ్చుకుని, ఇంతటి చారిత్రక కట్టడాన్ని పెళ్ళిళ్ళకూ ప్రార్థనలకూ వాడి పాడుచేయరాదని, నేటినుంచి దీన్ని సంరక్షిస్తామని ప్రకటించారు. చప్పట్లు కొట్టిన తరవాతే జనానికి అర్థమైంది.

ఆ ప్రకారం గుడి ఇప్పుడు చక్కగా ఉంది. ఆరాధన తోటలో, వానొస్తే బడి వరండాలో. ఊరివాళ్ళ పెళ్ళిళ్ళూ అక్కడే. ఎవరైనా ప్రముఖులు చూడవస్తే మాత్రం తాళం తీస్తారు, సువర్ణరాజు కోటు తొడుక్కుని లేయాను మళ్ళీ పెళ్ళాడతాడు. స్కూలువారు ఆ పూట డ్యూటీ కింద జమకడతారు. ఒకసారి అయ్యగారు "నీకు సమ్మతమేనా?" అని అడిగితే, లేయా "ఆలోచించుకుని చెబుతాను" అంది. ఆ మాటకు చప్పట్లు బాగా పడ్డాయని, దాన్ని అలాగే ఉంచమని కమిటీ తీర్మానించింది.

మీరూ ఎప్పుడో ఒక హోదాలో ఆ గుడి చూడడానికి వెళతారు. పెళ్ళి చూపిస్తారు. నాలుగు మాటలు చెప్పమంటారు. మీరు కాదనరు, మనలో కాదనేవాళ్ళెవరూ లేరు. అప్పుడు దయచేసి లేయాను గుర్తుంచుకోండి. పాలుతాగే ఆమె బిడ్డ వెనక తలుపు అవతల అమ్మమ్మ చంకలో ఏడుస్తూ ఉంటుంది. ప్రసంగం కాస్త త్వరగా ముగించండి.