తొంభై శాతం దగ్గర కొబ్బరి పచ్చడి

ఆ శుక్రవారం వినీల చేయవలసిన పనులు ఇవి. తలస్నానం చేసి నీలం చుడీదార్ ఇస్త్రీ చేసుకోవడం. ముందుగదిలో కెమెరాకి కనిపించే గోడ మీంచి నాన్న తాపీ, తూకం గుండు తీసేయడం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవడం. ల్యాప్‌టాప్‌కి అప్‌డేట్ వేయడం. మధ్యాహ్నం మూడింటికి పరీక్ష రాయడం. వీటన్నిటికంటే ముందు, సంపూర్ణమ్మ అత్తయ్య ఇవాళ రాకుండా చూడడం.

పరీక్ష కాకినాడలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఉద్యోగానికి. ఇంట్లోనే కూర్చుని రాయవచ్చు. కానీ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరా ఆగకూడదు, ల్యాప్‌టాప్ సరికొత్త అప్‌డేట్‌తో ఉండాలి. ఆ చివరిది లేకపోతే పరీక్ష తెరుచుకోనే తెరుచుకోదని రాత్రే తెలిసింది. తాపీమేస్త్రీ జ్ఞానప్రకాశం వంశంలో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి వినీల. ఇవాళ తెర తెరుచుకోకపోతే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో ఆ కంపెనీకే తెలియాలి.

అత్తయ్యకి ఫోన్ చేసే పని అమ్మ సువార్తమ్మకి అప్పగించారు. సంపూర్ణమ్మ జ్ఞానప్రకాశానికి అక్క. కోరుకొండ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వార్డెన్‌గా చేసి రిటైరైంది. గోదావరి జిల్లాల్లో పుట్టి, మాట చివర 'అండి' లేకుండా అంతకాలం బతికిన మనిషిని వినీల ఆవిడనొక్కర్తినే చూసింది. పరీక్షనాడు ఆ నోరు ఇంట్లో ఉంటే పిల్ల బెదిరిపోతుందని అందరి భయం.

"వదినగారూ, బాగున్నారాండి? ఏం లేదండి, ఇవాళ వినీలకి పరీక్ష. అందుకని... అబ్బే, మీరొస్తే ఇబ్బందేంటండీ! ఎండలెక్కువగా ఉన్నాయి కదా అని... అయ్యో, అదేం మాటండి, మీ తమ్ముడి ఇల్లు... ఆయ్. ఆయ్. అలాగేనండి."

సువార్తమ్మ ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకుంది.

"చెప్పేశావా?" అంది వినీల.

"చెప్పేశానే."

"ఏమని?"

"భోజనానికి రమ్మన్నాను."

వినీల వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అది కాలేజీలో సీనియర్ దగ్గర కొన్నది. బ్యాటరీ ఏనాడో పోయింది, ప్లగ్గులో ఉన్నంతసేపే ప్రాణం. అప్‌డేట్ నొక్కింది. తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరిగి తిరిగి, 'ఇన్‌స్టాల్ కాలేదు, మళ్లీ ప్రయత్నించండి' అన్నాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. కాలి బొటనవేలు నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది.

జ్ఞానప్రకాశం ఆ రోజు స్లాబు పని మానుకుని మరీ ఇంట్లో ఉన్నాడు. చేసే పనేమీ లేక టీ కొట్టుకి వెళ్లి, "అమ్మాయి ల్యాప్‌టాప్ అప్‌డేట్ తీసుకోవట్లేదండి" అన్నాడు. చంటిపిల్ల పాలు పట్టట్లేదన్నంత దిగులుగా అన్నాడు. అక్కడే ఉన్న సెల్‌ఫోన్ కొట్టు గణేష్‌బాబు గ్లాసు కింద పెట్టేశాడు.

"నేనుండగా మీకు దిగులేంటండీ మేస్త్రిగారూ, పదండి!"

గణేష్‌బాబు రాగానే సువార్తమ్మ కాఫీ పెట్టింది. అతను కాఫీ తాగి, ల్యాప్‌టాప్ లోపల చూసి, పెదవి విరిచాడు.

"చోటు లేదమ్మా. బొండాల బస్తాలా కుక్కేశారు. ఏంటివన్నీ?"

అవన్నీ వీధివాళ్ల వీడియోలు. ఆ వీధిలో కంప్యూటర్ ఉన్న ఇల్లు అదొక్కటే. ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా ఫొటోగ్రాఫర్ ఇచ్చిన సినిమా తెచ్చి, "నీ దాంట్లో వేసి ఉంచు తల్లీ, మా దగ్గరైతే పోతుంది" అనేవారు. పక్కింటి నాగదుర్గగారి అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఉంది. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టర్ శివరామకృష్ణగారి షష్టిపూర్తి ఉంది. చర్చిలో వేసిన క్రిస్మస్ నాటిక ఉంది. అందులో తూర్పుదేశపు జ్ఞాని వేషం జ్ఞానప్రకాశానిది.

"కొట్టేయనా?" అన్నాడు గణేష్‌బాబు వేలు ఎత్తి.

జ్ఞానప్రకాశం ఆ వేలు పట్టుకున్నాడు. "ఆగండాగండి! మనల్ని నమ్మి దాచుకున్నవాళ్ల వస్తువులండి. ఒక్కమాట అడక్కుండా ఎలా తీసేస్తాం? రేపు వాళ్ల మొహం ఎలా చూస్తాం?"

"నాన్నా, మూడింటికి పరీక్ష!"

"అడగడానికెంతసేపమ్మా?"

సువార్తమ్మ గోడ మీదుగా అడిగింది. నాగదుర్గ వెంటనే ఒప్పుకుంది. "దానికేంటండీ, పిల్ల పరీక్ష కంటేనా! తీసేయండి. తీసేసేముందు ఒక్కసారి చూసుకుంటాం, అంతే." అని, కూతుర్నీ అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆ వెనకే శివరామకృష్ణగారు భార్యతో వచ్చారు. ముందుగదిలో కుర్చీలు చాలక జ్ఞానప్రకాశం పరంజా చెక్క తెచ్చి ఇటుకల మీద వేశాడు. సువార్తమ్మ రెండో విడత కాఫీ కలిపింది.

ఓణీల ఫంక్షన్ మొదలైంది. వినీల తెర మూలనున్న గడియారం చూస్తోంది.

"ఆపు, ఆపు! ఆ పచ్చచీర మా ఆడపడుచు కదూ? వెనక్కి తిప్పమ్మా," అంది నాగదుర్గ.

తిప్పింది. ఆడపడుచే. మళ్లీ తిప్పమన్నారు. అప్పటికీ ఆడపడుచే.

వీడియో అయ్యాక నాగదుర్గ కళ్లొత్తుకుంది. "ఇంత బాగుందని మర్చేపోయాను సువార్తమ్మగారూ. దీన్ని తీసేయమని ఏ నోటితో చెప్పనండి?" షష్టిపూర్తి చూసి శివరామకృష్ణగారు, "ఉంచమ్మా, మళ్లీ మళ్లీ వచ్చే వయసా ఇది?" అన్నారు. ఇక మిగిలింది క్రిస్మస్ నాటిక. గడ్డం ఊడిపోతున్న జ్ఞానిని తెర మీద చూసి జ్ఞానప్రకాశం గొంతు సవరించుకున్నాడు.

"చర్చి ఆస్తి. పాస్టరయ్యగార్ని అడక్కుండా..."

"వద్దు నాన్నా, ఎవర్నీ అడగొద్దు!" అంది వినీల.

తన వస్తువులు తీసేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మూడేళ్ల క్లాసు నోట్సు, ప్రాజెక్టు, స్నేహితురాళ్లతో అన్నవరం కొండ మెట్ల మీద దిగిన ఫొటోలు. కళ్లు మూసుకుని అన్నీ తీసేసింది. చోటు వచ్చింది. అప్‌డేట్ మొదలైంది. మొదలై, నత్తలాగా పాకింది.

నెట్ సరిగ్గా లేదని గణేష్‌బాబు తేల్చి, కేబుల్ బుల్లబ్బాయికి ఫోన్ కొట్టాడు. బుల్లబ్బాయి బండి మీద వచ్చి, ఎర్రచొక్కా చేతులు మడిచి, కాఫీ తాగి, తన ఫోన్లో ఏదో చూసి నోరు తెరిచాడు.

"మేస్త్రిగారూ, మీ వైఫై మీద పదిహేడు ఫోన్లున్నాయండి. ఇంట్లో మీరు ముగ్గురే కదండి?"

"వీధిలోవాళ్లు పాస్‌వర్డ్ అడిగారండి. గుమ్మంలోకొచ్చి మంచినీళ్లడిగితే లేవంటామా?"

"అది నిజమేననుకోండి," అన్నాడు బుల్లబ్బాయి. "అన్నట్టు ఆ పాస్‌వర్డ్ నాకూ ఓసారి చెప్పండి. ఆఫీసుకి ఫొటో పెట్టాలి."

పద్దెనిమిది అయ్యాయి.

ఎండ నడినెత్తికి వచ్చింది. వచ్చినవాళ్లెవరూ వెళ్లడం లేదు. పిల్ల పరీక్ష గట్టెక్కే దాకా కదిలితే బాగోదని వాళ్ల ఉద్దేశం. భోజనం వేళకి ఉన్నవాళ్లని పొమ్మంటే బాగోదని సువార్తమ్మ ఉద్దేశం. ఇంత బాగోకపోవడాల మధ్య ఎసట్లో బియ్యం పెరిగాయి. ముందుగదిలో శివరామకృష్ణగారు, "ఎంతైందమ్మా?" అని అడిగినప్పుడల్లా వినీల అంకె చెబుతోంది, అందరూ తలాడిస్తున్నారు. డెబ్బై. ఎనభై. ఎనభై అయిదు. 'కంప్యూటర్‌ను ఆపివేయకండి' అని తెర బతిమాలుతోంది. నాగదుర్గ అత్తగారు దాన్ని చూసి దణ్ణం పెట్టుకుంది.

తొంభై.

గదిలో ఎవరూ ఊపిరి తీయడం లేదు. అందుకే వంటింట్లోంచి సువార్తమ్మ మిక్సీ పట్టుకుని రావడం ఎవరూ గమనించలేదు. ఆ ఇంట్లో గట్టిగా పట్టే ప్లగ్గు ఒక్కటే, అది ముందుగదిలో ఉంది. "ఒక్క నిమిషమండి, కొబ్బరి పచ్చడి తిప్పేసుకుంటాను," అని, నల్లటి వైరు ఒకటి లాగేసి, మిక్సీ పెట్టింది.

మిక్సీ గర్రుమంది. తెర నల్లబడింది.

చాలాసేపటికి సువార్తమ్మకి అర్థమైంది. చేతిలో గిన్నెమూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఫర్వాలేదండి," అన్నాడు గణేష్‌బాబు.

"ఆయ్, ఫర్వాలేదండి, మళ్లీ పెట్టుకోవచ్చు," అన్నాడు బుల్లబ్బాయి.

"ఫర్వాలేదన్నదెవరు?"

గుమ్మంలో సంపూర్ణమ్మ. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచి. గదంతా ఒకసారి చూసింది. పరంజా చెక్క మీద కూర్చున్నవాళ్లు తమకు తెలియకుండానే వరసలో సర్దుకున్నారు.

"పరీక్ష ఎవరికి?"

"నాకే అత్తయ్యా," అంది వినీల.

"మరి వీళ్లంతా? వీళ్లూ రాస్తున్నారా?"

శివరామకృష్ణగారు సైతం తల దించుకున్నారు.

"అది కాదక్కా, పాపం సాయం చేద్దామని..." అన్నాడు జ్ఞానప్రకాశం.

"నువ్వు నోర్ముయ్యరా. పొద్దున్న నీ పెళ్లాం ఫోన్ చేసి ఎండలంది, పరీక్షంది, రమ్మంది, వద్దంది. రావద్దని చెప్పడానికే చేసిందని నాకు తెలీదా? అది చెప్పలేనివాళ్లు ఇంకెవరికి మాత్రం ఏం చెప్పగలరు, కొంప ముంచుకునే ఉంటారని బస్సెక్కాను. ఆ మిక్సీ తియ్యి. ఇదిగో, ఎర్రచొక్కా! ఆ నెట్ పెట్టెకి పాస్‌వర్డ్ మార్చు."

"ఏం పెట్టమంటారండి?"

"నా పేరు పెట్టు. ఎవడూ అడగడు."

బుల్లబ్బాయి పెట్టాడు. వీధిలో పద్దెనిమిది ఫోన్లు ఒక్కసారి మూగబోయాయి. అందులో ఒకటి అతనిదే.

"నీది సెల్‌ఫోన్ కొట్టా? పెన్‌డ్రైవ్‌లు తీసుకొచ్చి, పరీక్ష అయ్యాక ఎవరి సంబరం వాళ్లకి ఎక్కించి చేతిలో పెట్టు. ఆ గడ్డం నాటిక చర్చిలో ఇచ్చెయ్యి. ఆ తర్వాత ఈ పిల్ల దాంట్లో అవేవీ ఉండటానికి వీల్లేదు."

గణేష్‌బాబు పరిగెత్తాడు. ఎవరిని అడగాలో, ఎలా అడగాలో అని పొద్దున్నంతా తేలని పని, అడగకుండానే తేలిపోయింది.

"అక్కా, భోజనాల వేళ," అన్నాడు జ్ఞానప్రకాశం, ప్రాణాలు ఉగ్గబట్టుకుని. "వండినవి వండినట్టున్నాయి. గుమ్మంలోకొచ్చిన మనుషుల్ని లేవమంటే..."

సంపూర్ణమ్మ నాగదుర్గ వైపు తిరిగింది. "మీ అరుగు పెద్దదేగా? మేమంతా మీ ఇంటికి భోజనానికొస్తే వద్దంటావా?"

నాగదుర్గ పుట్టి పెరిగింది ఈ డెల్టాలోనే. "ఎంతమాటండి! రండి, రండి!" అని లేచేసింది. లేచాక గానీ సంగతి తెలియలేదు. అన్నం గిన్నె, పప్పు, వంకాయకూర, సగం తిరిగిన కొబ్బరి పచ్చడి, మిక్సీతో సహా గోడ దాటాయి. వాటి వెనక మనుషులు దాటారు. హెడ్మాస్టరుగారు పరంజా చెక్క రెండో కొస పట్టుకున్నారు.

గది ఖాళీ అయింది. వినీల ప్లగ్గు పెట్టింది. 'మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం' అంది తెర. మళ్లీ మొదటి నుంచి. సంపూర్ణమ్మ ఒక కుర్చీ ప్లగ్గు పక్కకి లాక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హాస్టల్లో పరీక్షల రోజుల్లో మెట్ల దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. ఒకసారి సువార్తమ్మ తలుపు దగ్గరికొచ్చి ఏదో అడగబోయింది. సంపూర్ణమ్మ కళ్లు మాత్రం ఎత్తింది. సువార్తమ్మ వెళ్లిపోయింది.

"అత్తయ్యా, అవకపోతే?"

"అవుతుంది. గోల లేకపోతే ఏ పిల్లైనా చదువుతుంది. ఇదీ అంతే. కాలు ఊపకు."

వినీల కాలు ఆపింది. వీధివాళ్లెవరూ వాడుకోని నెట్ ఎంత వేగంగా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. తొంభై దాటింది. వంద అయింది. రెండున్నరకి ల్యాప్‌టాప్ తనంతట తానే ఆరి, వెలిగి, 'స్వాగతం' అంది. సంపూర్ణమ్మ లేచి, బయటికెళ్లి తలుపు దగ్గరగా వేసి, గుమ్మంలో కుర్చీ వేసుకుంది. పరీక్ష సాగిన గంటన్నరా ఆ వీధిలో పాలబ్బాయి సైతం బెల్లు కొట్టలేదు.

పరీక్ష చివర కంపెనీ మేనేజరొకావిడ తెర మీదికొచ్చి అయిదు నిమిషాలు మాట్లాడింది. అన్నీ అడిగి, ఆఖరున, "గడువున్న పని మధ్యలో మంచివాళ్లే వచ్చి అడ్డం పడితే ఏం చేస్తారు?" అంది.

పుస్తకాల్లో చదువుకున్న జవాబు వినీలకి ఒకటుంది. అది గుర్తు రాలేదు.

"కాఫీ ఇవ్వనండి," అంది.

ఆవిడ నవ్వాపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

తలుపు తెరుచుకునేసరికి నాగదుర్గ అరుగు మీదివాళ్లంతా లేచి నిలబడ్డారు. వినీల తల ఊపింది. అందరూ ఒక్కసారి మాట్లాడారు. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తోత్రం చెప్పుకుంది. ఆ సందట్లో సంపూర్ణమ్మ గొడుగు తీసుకుని బయల్దేరబోయి ఆగింది.

"పొద్దున్నుంచీ ఊరందరికీ కాఫీలు పోశారట. నాకు ఇన్ని మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు."

ఆవిడ భోజనం కూడా చేయలేదని అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు. రెండిళ్ల వంటిళ్లలోకీ ఒకేసారి పరుగులు పడ్డాయి. ఒకేసారి మూడు కాఫీ గ్లాసులు వచ్చాయి. మూడూ తాగి, "పంచదార ఎక్కువైంది" అని, కళ్లు తుడుచుకుంటున్న వినీల నెత్తి మీద గట్టిగా ఒక చెయ్యి వేసి, ఆవిడ బస్సుకి వెళ్లిపోయింది.

వినీల ఇప్పుడు రోజూ సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్లివస్తోంది. వైఫై పాస్‌వర్డ్ ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీ ఇంట్లో ఎప్పుడైనా కంప్యూటర్ తొంభై దగ్గర ఆగి, చుట్టూ మంచివాళ్లు మూగి ఉంటే, ఒక్కసారి సంపూర్ణమ్మగారిని తలుచుకోండి. పిలవనక్కర్లేదు, రావద్దని ఫోన్ చేస్తే చాలు.