లలితకుమారికి నిద్ర పట్టిన విధం

1997లో ఖతార్‌లోని అల్ ఖోర్ కంపెనీ క్వార్టర్స్‌కు కాపురానికి వచ్చిన లలితకుమారికి రెండు నెలలుగా కంటిమీద కునుకు లేదు. పలకరించే మనిషి లేడు. భర్త రామకృష్ణారావు ఒకరోజు ఉదయం ఉపాయం ఆలోచించాడు. కంపెనీ క్లినిక్‌లో కొత్తగా కంప్యూటర్ పెట్టారు. అది అడిగినవాటికి జవాబులు కొడితే మనసులో బాధేమిటో డాక్టరుకు తెలుస్తుందట.

"నేనూ రానా?" అంది లలితకుమారి.

"నీకెందుకు శ్రమ. నీ వీసా ఫారం నేను నింపలేదూ? ఇదీ అంతే."

పెళ్లయినప్పటినుంచీ ఆమె తరఫు జవాబులన్నీ ఆయనే చెబుతున్నాడు.

ఆయన ఒక్కడే క్లినిక్‌కు వెళ్లాడు. కంప్యూటర్ మొదట ఉద్యోగి నంబరు అడిగింది. తనది కొట్టాడు. నిద్ర పడుతోందా? లేదు. ఊరికే ఏడుపు వస్తోందా? వస్తోంది. ఇంట్లో మీ మాట ఎవరైనా వింటారా? దీని గురించి భార్య ఏదో అన్నట్టు గుర్తు. పూర్తిగా వినలేదు కనుక, లేదనే కొట్టాడు.

మధ్యాహ్నానికల్లా బస్సు డ్రైవరు నాగప్ప కారు తాళాల కోసం వచ్చాడు.

"సార్, మీకింక డ్రైవింగ్ మాఫీ అంట. నా బస్సులోనే రావాల."

"జబ్బు నాకు కాదయ్యా, మా ఆవిడకి."

"అట్లే అంటారని డాక్టరు ముందే చెప్పినాడు సార్."

రామకృష్ణారావు క్లినిక్‌కు పరుగెత్తాడు. డాక్టరు అంతా ఓపిగ్గా విని, జబ్బును భార్యమీదికి నెడుతున్నాడని కూడా కంప్యూటర్‌లో ఎక్కించాడు.

నాగప్ప బస్సులో ఎక్కిన ఈ సంగతి క్వార్టర్స్ అంతటా దిగింది. శుక్రవారం సెలవు కావడంతో ఇల్లు జనంతో నిండిపోయింది. ఎదురింటి చరిత పులిహోరతో వచ్చింది.

"ఊరికే రావాలంటే మొహమాటం అక్కా. ఒంట్లో బాగోలేదంటే రావచ్చు కదా. ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారు?"

లలితకుమారి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. రామకృష్ణారావు సర్దిచెప్పబోతే, చరిత భర్త అమర్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "మీరు మాట్లాడకండి అన్నయ్యగారూ, శ్రమ."

పరామర్శలు వారమంతా సాగాయి. లలితకుమారి తలగడమీద తల పెట్టగానే నిద్రపోసాగింది. ఆ సుఖం చూస్తూ రామకృష్ణారావు మేలుకుని ఉండేవాడు. ఆఫీసులో ఆయన చేతికి ఫైలు ఇవ్వడానికి కూడా భయపడుతున్నారు.

ఆయన్ని మళ్లీ పరీక్షకు పిలిచారు. ఈసారి లలితకుమారి వెంట వెళ్లి, కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది.

"నేను కొడతాలే," అన్నాడాయన.

"మీకెందుకండీ శ్రమ."

జవాబులన్నీ చకచకా కొట్టేసింది. చివరి ప్రశ్న వచ్చింది. ఇంట్లో మీ మాట ఎవరైనా వింటారా?

"వింటారని కొట్టు లలితా," అన్నాడు రామకృష్ణారావు.

ఆమె వినలేదు.