పసుపు రాళ్ల దారి

ఆ సోమవారం పొద్దున రామచంద్రయ్య పంతులు పెట్టుకున్న పని చాలా చిన్నది: ఇరవై నాలుగు రాళ్లకు సున్నం పూయడం.

శుక్రవారం సంస్థానం బడుల ఇన్‌స్పెక్టరు గద్వాల నుంచి వస్తున్నాడు. తనిఖీ నాడు బడిలో ఇరవై మంది పిల్లలు ఉండాలి. లేకపోతే బడి మూసేస్తారు. ఉన్నది పదకొండు మంది. ఇంకో తొమ్మిది మంది కృష్ణ ఒడ్డున ఏటిగడ్డ అనే కూలివాళ్ల పల్లెలో ఉన్నారు గాని, రైతులు వాళ్లను చేల గట్ల మీదుగా రానివ్వరు. చుట్టూ తిరిగి రావాలంటే రెండు కోసులు.

ఇన్‌స్పెక్టరు ఉత్తరంలో చివరి మాట ఒక్కటే పంతులుకు ఆశ. మోకాళ్ల నొప్పులకు హకీం ఆయన్ను రోజూ కాస్త నడవమన్నాడట. మీ ఏటి ఒడ్డు బండల్లో గవులున్నాయట, చూపిస్తారా అని రాశాడు. గుహలను అక్కడ గవులనే అంటారు. చల్లటి గవిలో ఓ గడియ కూర్చుంటే మనిషి మెత్తబడి, ఆ తొమ్మిది మంది కొరతను చూసీ చూడనట్టు వదిలేస్తాడేమో! మోకాళ్ల నొప్పులవాడని పంతులు చేల గట్ల మీదుగా మెత్తటి దారి చూసి, మలుపు మలుపుకూ ఒక తెల్లరాయి పెట్టాడు. పోయినేడు వరకూ సున్నం వేసే పని భార్యది. ఆమె కట్టిన కుంచె ఆమె పోయాక కూడా ఊడకుండా ఉన్నందుకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా భీమయ్య బడి ముందు నిలబడ్డాడు. పంతులు పెట్టిన రాళ్లలో సగం ఆయన జొన్నచేలోనే ఉన్నాయి.

"ఏం పంతులూ, నా చేన్ల రాళ్లు పెట్టినవట?"

"గుర్తుకు పెట్టిన భీమయ్యా. ఇన్‌స్పెక్టరు సాబు గవులు చూడనీకె వస్తుండు."

"గవులల్ల ఏమున్నది?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి గద్వాల కెల్లి వస్తడా?"

"ఊకెనే నడుస్తడు. ఒంటికి మంచిదట."

భీమయ్య తల అడ్డంగా ఊపాడు. "పంతులూ, అబద్ధమాడినా అతికినట్టుండాలె. పని లేకుంట ఎవడన్న నడుస్తడా? సర్కారు బాట పడుతున్నదని చెప్పు. నా చేను పోతదని చెప్పు."

మంగళవారం తెల్లవారుతూనే తన చేలోని పన్నెండు రాళ్లూ ఎత్తి అవతల రుక్కమ్మ చేలో పడేశాడు. అక్కడ ముందే పన్నెండున్నాయి. పొద్దున చేనికి వచ్చిన రుక్కమ్మ రాళ్లు లెక్కపెట్టి నెత్తి కొట్టుకుంది.

"ఒక్క బాట అంటిరి! నా చేన్ల జోడు బాటలు పడుతున్నయా?"

ఆమె ఇరవై నాలుగూ తెచ్చి భీమయ్య చేలో గుమ్మరించింది.

"ఏం భీమన్నా, నీ బాట నా నెత్తి మీద ఏస్తవా?"

"నాదెట్లయితదక్కా? సర్కారుది."

"సర్కారుదైతే నీ చేన్లనే పోనీ. నువ్వు పెద్దమనిషివి గదా!"

బుధవారం భీమయ్యకు ఉపాయం తట్టింది. ఏటి ఒడ్డున బండలున్నాయి. గడ్డి మొలవదు, పట్టా లేదు, అడిగేవాడు లేడు. రుక్కమ్మ రాళ్లను ఆమె గట్టునే పడేసి, తన పన్నెండూ నెత్తిన మోసుకుపోయి బడి దిక్కు నుంచి గవి దాకా బండల మీద పెట్టాడు. ఎవరూ వాటిని మళ్లీ తన చేలోకి తేకుండా ఒక్కోదానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, చివర్న కొబ్బరికాయ కొట్టాడు. పసుపు పెట్టిన రాయిని కదిపే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు. గురువారం రుక్కమ్మ కూడా, భీమయ్యకేం తీసిపోనని, తన పన్నెండింటినీ ఏటిగడ్డ దిక్కు నుంచి గవి దాకా పెట్టి, పసుపుతోపాటు వేపమండలు కూడా గుచ్చింది.

పలకలు, గోడలు, హాజరు పట్టీ సర్దుకోవడంలో మునిగిన పంతులుకు ఇదేమీ తెలియదు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు బండి దిగి, చేతికర్రతో పిల్లలను లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర కర్ర ఆగిపోయింది.

"ముందు నడుద్దాం పంతులుగారూ. రాయవలసింది తర్వాత రాస్తాను."

బయటికి వస్తే గట్ల మీద ఒక్క రాయి లేదు. పంతులు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చేలన్నీ వెతికాడు. ఇన్‌స్పెక్టరు బండల వైపు కర్ర చాచాడు.

"అవేనా మీ గుర్తులు? తెల్లవన్నారు?"

"అవే... అయ్యుండాలె సార్."

నెత్తిన రాయి ఉన్న మనిషి వంకర దారి తొక్కడు, కాలు జారే చోట అడుగు వెయ్యడు. భీమయ్య మెడనొప్పి పుణ్యమా అని ఆ బండల మీద అంత దగ్గరి దారి, అంత చదునైన దారి ఉందని మొదటిసారి బయటపడింది. ఏటిగాలి ఎదురు రాగా పావుగంటలో గవి చేరారు. లోపల పిల్లల గోల. ఏటిగడ్డ దేవమ్మ, ఆమె వెనక తొమ్మిది మంది!

"దండం సారూ. మా దిక్కు రాళ్లకు పసుపు పెట్టిన్రు గదా, ఏ దేవుడు వెలసిండో సూద్దమని పోరగాండ్లు ఒకటే లొల్లి. తోలుకొస్తిని. దేవుడు లేడు, గబ్బిలాలున్నయి." ఆమె అవతలి రాళ్ల వైపు చూసింది. "ఈ రాళ్లు యాడి దాంక పోతయి?"

"బడి దాకా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎవ్వరి చేను తొక్కకుంటనే?"

"ఒక్కరిది కూడా తొక్కకుండా."

దేవమ్మ తన ముంతలోని అంబలి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది. "అట్లయితే మావోళ్లు రోజు వస్తరు సారూ. ఇయ్యాల్టి నుంచే రాసుకోండ్రి."

ఇన్‌స్పెక్టరు అంబలి చివరి చుక్క దాకా తాగి, తొమ్మిది మందిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

తిరుగుదారిలో పిల్లలు ముందు నడిచారు. బండల చివర భీమయ్య కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అలవాటుగా అదిలించబోయి నోరు తెరిచాడు. పిల్లల కాళ్ల కింద ఆయన చేను లేదు. పక్కన ఆయన పెట్టిన పసుపు ఉంది. తెరిచిన నోటితోనే రాయికి దండం పెట్టాడు.

"ఈ దారి ఎవరు వేశారు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

రాళ్లు మాయమైన చేలు ఎవరివో పంతులుకు తెలుసు. "భీమయ్య, రుక్కమ్మ సార్. నెత్తిన మోసి వేశారు."

హాజరు ఇరవై అని, కింద ఆ ఇద్దరి పేర్లూ పుస్తకంలోకెక్కాయి.

మర్నాడు భీమయ్య తలకు ఉతికిన రుమాలు చుట్టుకుని వచ్చాడు.

"పంతులూ, జర ఒక్క రాయి నా చేన్ల పెట్టు. దారి ఏసిన పెద్దమనిషి చేన్ల ఒక్క రాయన్న లేకుంటే నలుగురు ఏమనుకుంటరు?"

"పసుపు పెట్టిన రాయిని కదపరాదు గదా భీమయ్యా."

ఆ శాస్త్రం మొదలుపెట్టిందెవరో భీమయ్యకు బాగా తెలుసు.