బొంత కింద జీపు

శనివారం ఉదయానికి ప్రొకోపీ వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి లేవాలి, జీపును వెచ్చబెట్టాలి, పదింటికి అత్తగారిని ఎక్కించుకుని గడ్డకట్టిన నది మీదుగా అవతలి ఊరు చేరాలి. అక్కడ బావమరిది ఇంట్లో ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు విందు. బయట యాభై రెండు డిగ్రీలు. సున్నాకి కిందేనని మా యాకూతియాలో ఎవరూ విడిగా చెప్పరు.

ప్రొకోపీ బళ్ళో ఫిజిక్సు మాస్టారు. వేడి ఎలా ప్రయాణిస్తుందో ఏటా బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెబుతాడు. అతని ఇంట్లో మాత్రం వేడి ఒకే దిక్కుకు, ముప్పై ఏళ్ళ నాటి ఆ జీపు వైపుకే ప్రయాణిస్తుంది. చలికాలమంతా రాత్రిళ్ళు దాని బ్యాటరీ ఇంట్లోకి వచ్చి పొయ్యి పక్కన పీట మీద పడుకుంటుంది. బండికేమో చక్రాల దాకా దిగే మందపాటి బొంత. అదే పెరటిని పంచుకునే పక్కింటి గాన్యాకీ అదే రకం జీపు, అదే ఆకుపచ్చ రంగు. ఇద్దరి భార్యలూ ఒకే తాను చింపి రెండు బొంతలు కుట్టారు.

శుక్రవారం సాయంత్రం ప్రొకోపీ భార్య ఒగ్దూయా తేల్చి చెప్పేసింది.

"రేపు పదింటిలోపు నీ జీపు స్టార్టయిందా, మనింట్లో ఉంటుంది. కాలేదా, గాన్యా తీసుకెళ్ళి విప్పుకుంటాడు. విడిభాగాలకని రెండేళ్ళ నుంచి అడుగుతున్నాడు."

"ముప్పై ఏళ్ళు మోసిన బండిని విప్పించేస్తావా?"

"ముప్పై ఏళ్ళు మోసిన పెళ్ళాన్ని నేనూ ఉన్నాను. నా ఉన్ని శాలువా ఎక్కడుందో చెప్పు చూద్దాం."

శాలువా రేడియేటర్ చుట్టూ ఉంది. ప్రొకోపీ మాట మార్చాడు. "దాని దగ్గు వింటే చాలు, ఎక్కడ నొప్పో చెప్పేస్తాను. కళ్ళు మూసుకుని గుర్తుపడతాను నా జీపుని."

ఉదయం ఆరింటికి అతను బ్యాటరీని చంకనెత్తుకుని బయటికొచ్చేసరికి చీకటి, ఆ చీకటిలో పాలు పోసినట్టు పొగమంచు. చాచిన చేతికి వేళ్ళున్నాయో లేదో తెలియడం లేదు. కళ్ళద్దాలకు క్షణంలో మంచు పట్టేసింది. తీసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం నుంచి పన్నెండు అడుగులు, తర్వాత కుడివైపు. ముప్పై ఏళ్ళుగా అదే లెక్క. మొన్న గురువారం మాత్రమే జీపులు చోటు కదిలాయి. తాగునీటికి చెరువులో కోసిన మంచుదిమ్మలు ట్రాక్టరులో వస్తే దారి ఇచ్చారు, దిమ్మలు దించుకున్నారు, కొత్త మంచు వచ్చిన శుభసందర్భంలో ఇద్దరూ చెరో నాలుగు గ్లాసులు పుచ్చుకున్నారు, ఆ తర్వాత ఎంతో జాగ్రత్తగా జీపులను మళ్ళీ నిలబెట్టి బొంతలు కప్పారు.

బొంత అంచు ఎత్తి లోపల దూరాడు. బ్యాటరీ బిగించాడు. ఇంజన్ కింద మంట చిమ్మే బ్లోలాంప్ వెలిగించి, తారులా గడ్డకట్టిన ఆయిలుకు గంటసేపు మంట చూపించాడు. తాళంచెవి తిప్పాడు. ఆ కాలపు జీపులకు ఏ తాళంచెవైనా పడుతుంది, చెంచా అయినా పడుతుంది. జీపు ఒకసారి మూలిగి ఊరుకుంది.

"వెచ్చదనం చాలలేదు," అని తనకు తానే పాఠం చెప్పుకుని, ఇంట్లోకెళ్ళి గోడకున్న తివాచీ ఊడదీసుకొచ్చి బొంత మీద కప్పాడు. ఏడున్నరకు దాని మీద మంచం దుప్పట్లు చేరాయి. ఎనిమిదింటికి అతని ఉన్ని బూట్లు బానెట్ మీద ఎక్కాయి. ఎనిమిదిన్నరకు తివాచీ కుచ్చులు కొంచెం కాలాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వంటింట్లో గాన్యా పాల టీ తాగుతూ కూర్చున్నాడు. కబురు తెలిసి ఏడింటికే వచ్చేశాడు. ఆదివారం దాకా తన బండి బయటికి తియ్యనని చెప్పి, తీరిగ్గా పక్కింటి బండి చావు కోసం ఎదురు చూస్తున్నాడు. తలుపు తెరిచినప్పుడల్లా బయటి నుంచి ఇంజన్ మూలుగు వినిపిస్తోంది.

"విన్నావా వదినా ఆ దగ్గు? లోపల అంతా పోయింది. అది జీపు కాదు, తుక్కు. నా జీపు నోట అలాంటి చప్పుడు ఈ జన్మలో రాలేదు."

"తుక్కేనంటావా?" అంది ఒగ్దూయా.

"ఇనుం కొనేవాడు కూడా ముట్టుకోడు. నేను కాబట్టి జాలిపడి తీసుకెళ్తున్నా."

అయినా మా చలిలో ఒక పద్ధతి ఉంది. ఇంజన్ ఆగిపోయిన వాడు శత్రువైనా సరే, సాయం అడిగితే కాదనకూడదు. తొమ్మిదింటికి ప్రొకోపీ మీసాలకు మంచు వేలాడుతూ లోపలికొచ్చి, "ఒరే గాన్యా, నీ బ్యాటరీ ఒకసారి ఇస్తావా?" అని అడిగాడు. గాన్యా నిట్టూర్చి లేచాడు. తన ఇంట్లో పొయ్యి పక్కన పడుకున్న బ్యాటరీని తెచ్చిచ్చాడు. కూడా ఒక డబ్బా పెట్రోలు ఇచ్చాడు. చివరికి తన తోడేలు తోలు టోపీ కూడా తీసి కార్బరేటర్ మీద పెట్టమని ఇచ్చి, "సాయం చెయ్యలేదని రేపు అనకు," అన్నాడు.

ఈలోగా అత్తగారు మార్ఫా ముస్తాబు పూర్తయింది. మూడు జతల మేజోళ్ళు, రెండు లంగాలు, నాలుగు శాలువాలు, పైన ఆవిడ పెళ్ళినాటి నక్క తోలు కోటు. ముస్తాబుకు నలభై నిమిషాలు పట్టింది, కాబట్టి ఆవిడను ఇక విప్పడమన్నది లేదు. కుర్చీలో చెమటలు కక్కుతూ కూర్చుంది. అల్లుడు వచ్చి ఆవిడ రెండో కోటు కోసం అటూ ఇటూ చూశాడు.

"తీసుకెళ్ళు నాయనా. పుట్టినరోజు నాది కాదు, దానిదే."

పదికి పదిహేను నిమిషాలుంది. ప్రొకోపీ బొంత కిందికి దూరి, బానెట్‌కు చెంప ఆనించి బతిమాలాడు. "నా బంగారం, నా తల్లీ, నువ్వు లేకపోతే నేనేమైపోతాను? నీ ఒంట్లో ప్రతి మరా నాకు తెలుసు. ఇంకెవరి చెయ్యీ పడనివ్వను నీ మీద. ఒక్కసారి పలకవే." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తిరిగిన చోటే గడ్డకట్టాయి. వెళ్ళి తాళం తిప్పాడు. జీపు దగ్గింది, ఊగింది, గర్జించింది.

అతను ఇంట్లోకి పరుగెత్తాడు. గోడ గడియారంలో పదికి ఐదు నిమిషాలు తక్కువ.

"విను ఒగ్దూయా. గాన్యా, నువ్వూ విను. ఏదీ, ఇప్పుడు అను తుక్కని."

గాన్యా ముఖం వాడిపోయింది. అందరూ కలిసి మార్ఫాను మోసుకెళ్ళి, బొంతా తివాచీ దుప్పట్లూ లాగేసి, ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆవిడ సర్దుకుని, చుట్టూ పరికించి చూసింది.

"అల్లుడూ, అద్దం దగ్గర ఫోటోలో ఈ ఆడమనిషెవరు?"

"ఏ ఆడమనిషి?" అంది ఒగ్దూయా, చాలా నెమ్మదిగా.

"మా జీపులో ఫోటో లేదే. గుర్రపు వెంట్రుకల కుచ్చు కదా ఉండేది," అంటూ ప్రొకోపీ జేబులోంచి కళ్ళద్దాలు తీసి, ఊది, తుడిచి పెట్టుకున్నాడు. చుక్కల రుమాలు కట్టుకుని ఫోటోలోంచి నవ్వుతున్నది గాన్యా భార్య వర్వారా.

అందరూ తలలు తిప్పి చూశారు. మంచుదిమ్మలకు అటుపక్క రెండో బొంత, ఎవరూ ముట్టుకోని బొంత, పొగమంచులో ప్రశాంతంగా నిలబడి ఉంది.

"కళ్ళు మూసుకుని గుర్తుపడతానన్నావు," అంది ఒగ్దూయా. "వాళ్ళింటి బండిని నా తల్లీ అని పిలిచావు, గుమ్మం దాకా వినిపించింది. చెంప కూడా ఆనించినట్టున్నావు, మసి అంటింది."

ముందుగా తేరుకున్నది గాన్యాయే. చెయ్యి చాచి గడియారం చూసుకున్నాడు. "పది దాటింది వదినా. స్టార్టయింది నా జీపు, వీడిది కాదు. మాట మాటే."

ప్రొకోపీ నాలుగు గంటలు చలిలో చచ్చి, తన జీపును తన చేతులతోనే పోగొట్టుకున్నాడు. కనీసం కడసారి దాని మీద చెయ్యి వేద్దామని రెండో బొంత వైపు రెండడుగులు వేశాడు. ఆ రెండడుగులూ ఒగ్దూయా చూసింది.

"మాట మాటే," అంది ఆవిడ గాన్యాతో. "పొద్దుట్నుంచీ నువ్వు దగ్గు విని తుక్కన్న బండి ఇదే. ఇనుం కొనేవాడు కూడా ముట్టుకోడన్నదీ దీన్నే. తీసుకెళ్ళి విప్పుకో. సాయంత్రం వర్వారా బేకరీ డ్యూటీ నుంచి వస్తుంది, నేనే చెబుతాను. వాళ్ళ నాన్న ఇచ్చిన జీపు కదూ?"

గాన్యా బోడితల మీద అప్పటికే మంచు పేరుకుంటోంది. కాసేపు ఆలోచించి, కార్బరేటర్ మీంచి టోపీ తీసి పెట్టుకుని, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఎక్కండి వదినా. పెద్దావిడ పుట్టినరోజుకి ఆలస్యమవుతోంది."

ఆ రోజు ఏం జరిగిందో విందులో ఎవరూ చెప్పలేదు. మార్ఫా ఒక్కతే చెప్పింది, మూడుసార్లు, ప్రతిసారీ ఫోటో దగ్గర ఆగి. ప్రొకోపీ జీపు అతని దగ్గరే ఉంది. అది స్టార్టవుతుందో లేదో వసంతం వచ్చేదాకా ఎవరూ అడగలేదు.

ఆదివారం ఒగ్దూయా ఎర్ర ఉన్నిదారంతో ప్రొకోపీ పేరూ ఇంటి నంబరూ పెద్ద అక్షరాల్లో కుట్టింది, బొంత మీద కాదు, అతని కోటు వీపు మీద.