మనసు వైద్యానికి కప్పల లెక్క

ఒక పెద్ద అడవిలో సర్కారు ఆస్పత్రి ఒకటి ఉండేది. అందులో పుండ్లకు పన్నెండు మంది వైద్యులు. మనసుకు మాత్రం ఒక్క ముసలి తాబేలు.

వేసవిలో కార్చిచ్చు వచ్చి పోయాక అడవిలో సగం మందికి నిద్ర లేదు. ఒక లేడి అయితే పచ్చగడ్డి ముట్టబోయినా పొగ వాసనే వస్తోందని మేత మానేసింది. పాలు ఎండిపోయి దాని పిల్ల బక్కచిక్కిపోతోంది. తాబేలు దగ్గరికి పోతే, పాపం, దాని వంతు వచ్చే ఏటికి పడింది.

"ఒక్కదాన్నే ఎంతమంది గోడు వినను? ఇంకో పది మందిని వేయండి మహారాజా" అని తాబేలు అర్జీ పెట్టుకుంది.

సింహం లోలోపల సంతోషించింది. కార్చిచ్చు నాటి నుంచి దానికీ గర్జన రావడం లేదు, నోరు తెరిస్తే దగ్గే. ఆ సంగతి తాబేలుకు తప్ప ఎవరికీ తెలియదు.

"అవసరమెంతో తేలకుండా ఉద్యోగాలెలా ఇస్తాం ప్రభూ? ముందు సర్వే చేద్దాం" అంది కార్యదర్శి నక్క. సర్వే అధికారి ఎవరో వేరే చెప్పాలా?

మర్నాడు నిండు సభలో నక్క గొంతు సవరించుకుంది. "మనసు బాగాలేని వాళ్లంతా కాలు పైకెత్తండి. పేరు, జాతి, బాధ గట్టిగా చెప్పండి, రాసుకుంటాను."

ఎలుగుబంటి ఆకాశంలోకి చూసింది. ఏనుగు, ఎవరూ అడక్కపోయినా, "మా వంశంలో అలాంటివి లేవు" అంది. లేడి కాలు సగం ఎత్తింది.

"రేపట్నుంచి నీ పిల్లను మందలోకి రానివ్వరు" అని పక్కనున్న దుప్పి గొణిగింది. లేడి ఆ కాలితో చెవి గోక్కుంది. అందరూ సింహం వైపు చూశారు. సింహం ఆవలించింది.

నక్క "అవసరం సున్నా" అని రాసుకుంది. పని లేని ఉద్యోగి కింద తేలిన తాబేలును చెరువు గట్టున కప్పల్ని లెక్కపెట్టడానికి బదిలీ చేశారు.

వారం తిరక్కుండా, అందరూ కునుకు తీసే మిట్టమధ్యాహ్నం చూసుకుని, సింహం మొహానికి టేకాకు అడ్డం పెట్టుకుని చెరువుకు వెళ్లింది. అక్కడ అప్పటికే టేకాకుల బారు ఉంది. ఏనుగుకు నాలుగు ఆకులు పట్టాయి. బారు మొదట్లో ఉన్న నక్క తోక దాచుకోవడం మరిచిపోయింది.

"సర్వే నాడు నేనూ కాలెత్తలేదు తాతా" అంటోంది తాబేలుతో.

ఆకు లేకుండా వచ్చింది లేడి ఒక్కటే. నిలబడే ఓపిక లేక చివర్లో కూలబడి ఉంది. సింహానికి జాలేసింది. కానీ తాబేలును మళ్లీ ఆస్పత్రికి పిలిస్తే ఎందుకని అడుగుతారు. అందుకని ఆ సాయంత్రం ఇలా ఉత్తర్వు వేసింది: "కప్పల లెక్క పని పెరిగింది. ఇంకో పది తాబేళ్లను నియమించాలి."

అడవంతా అర్థం చేసుకుని, మహారాజు తెలివే తెలివి అని మురిసిపోయింది.

ఉత్తర్వులో ఏముంటే పరీక్ష దాని మీదే కదా. తప్పు లేకుండా కప్పల్ని లెక్కపెట్టిన పది మందికి ఉద్యోగాలొచ్చాయి. ముసలి తాబేలును వాళ్ల మీద అధికారిగా వేశారు. దానికిక పొద్దస్తమానం సంతకాలే.

లేడి కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఒక కొత్త తాబేలు ముందు కూర్చుంది. "అయ్యా, గడ్డి ముట్టబోతే పొగ వాసన వస్తోంది. పాలు లేక నా పిల్ల..."

"మాట్లాడకమ్మా" అంది కొత్త తాబేలు, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా. "లెక్క తప్పుతుంది."

బారులో ఆకు చాటున సింహం ఒకసారి దగ్గి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఇందులో నేర్చుకోవలసింది: జబ్బు దాచుకునే రాజ్యంలో కప్పల లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది.