కిడ్నీలపై ఉన్నతస్థాయి అధ్యయనం

"తోట కూలీల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ప్రపంచంలోనే మొదటిసారి మనం కనిపెట్టబోతున్నాం!"

మలేషియాలోని బాగన్ దాతుక్ సభలో అధ్యయన సంఘం అధ్యక్షులు డాక్టర్ తినగరన్‌గారు ఇలా ప్రకటించగానే అందరం చప్పట్లు కొట్టాం. అక్కడి తోట క్లినిక్‌లో రికార్డులు రాసే నాకు ముందు వరసలోనే చోటు దొరికింది.

మా నర్సు థెరిసా మాత్రం కాగితాలు పట్టుకుని లేచి, ఇక్కడి ఊతపదం ‘లా’తో సహా మొదలుపెట్టింది.

"సార్, ఇది పన్నెండేళ్ల కిందటే కనిపెట్టేసినారు లా. మధ్య అమెరికా సెరుకు తోటల్లో. నీళ్లు లేకుండా ఎండలో పని సేస్తే కిడ్నీలు పోతన్నాయంట. నీడ, నీళ్లు, మజ్జిలో రెస్టు ఇస్తే సాలామంది నిలబడినారంట."

"ఆ పేపరు ఏ బాష?" అడిగారు డాక్టర్‌గారు.

"స్పానిష్. మా సెల్లి నటాలీ కౌలాలంపూర్ కాల్ సెంటర్లో ఆ బాషే మాటాడతాది. అదే సదివి, తెలుగు మాటలు దొరక్క సగం తమిళంలో నాకు సెప్పింది."

డాక్టర్‌గారు జాలిగా నవ్వారు. "మిస్సీ, ఇరవయ్యేళ్లు రీసెర్చ్ సేసినాను. ఒక్క స్పానిష్ ముక్క సదవలేదు. ముఖ్యమైనదైతే ఇంగ్లీషులో ఉండును కదా లా!"

ఈ తర్కానికి సభ పులకించింది.

"మరి మా కూర్మయ్య మావ సంగతేటి సార్? తోటలో పామాయిల్ గెలలు కోస్తాడు. కొళాయి కాడికెల్లి రావడానికి అరగంట. అందుకని నీళ్లే తాగడు. ఆయన కిడ్నీ రిపోర్టు సూస్తే నాకు బయమేస్తంది."

డాక్టర్‌గారిది పెద్ద మనసు. నిజానిజాలు తేల్చడానికి పదకొండు రోజులు మాడ్రిడ్ వెళ్లారు.

"ఆ పేపరు స్పెయిన్‌ది కాదు సార్," అంది థెరిసా.

"బాష అక్కడిదే కదా!"

తిరిగొచ్చి ‘నీడ-నీళ్లు-విశ్రాంతి’ ఉద్యమం ప్రకటించారు. ప్రారంభోత్సవానికి మంత్రిగారి కోసం పెద్ద టెంటు వేశారు. కూలీలను పొద్దున తొమ్మిదింటికే బయట బ్యానర్ ముందు వరసగా నిలబెట్టారు. మంత్రిగారు పన్నెండున్నరకు వచ్చి, నీడ గొప్పతనం మీద నలభై నిమిషాలు మాట్లాడారు.

ముప్పై రెండో నిమిషంలో కూర్మయ్య కూలిపోయాడు.

థెరిసా పరుగెత్తింది. "ఇది వీఐపీల చోటు," అన్న వాలంటీరును పక్కకు తోసేసి, కుర్చీలు లాగేసి, అతన్ని టెంటులో పడుకోబెట్టింది. "మావా, కళ్లు తెరు మావా!"

డాక్టర్‌గారు గబగబా నా దగ్గరకొచ్చారు. "రాసుకో. ఇతను పడింది సభలో. తోటలో కాదు."

రాసుకున్నాను.

కూర్మయ్యకు ఆ వారమే డయాలసిస్ మొదలైంది. నెల తిరక్కుండా అధ్యయనం అచ్చయింది, చక్కటి ఇంగ్లీషులో. మా తోట పేరు ఎదురుగా కేసుల సంఖ్య: సున్నా.