ఓవర్సీరుగారి మన్ను పరీక్ష

మనుషులకే కాదు, మట్టికీ పరీక్షలుండాలి! కాదనేవాళ్లు పాచిపెంట కొండల్లో ఓవర్సీరు వరహాలుగారి లేబరేటరీని చూడలేదన్నమాటే.

అది 1926 ఎండాకాలం. కొత్త ఘాటురోడ్డు కోసం రేకుల పాకొకటి వేసి, లేబరేటరీ అని బోర్డు కట్టారు. లోపల ఏముంది? ఇనప డబ్బా నిండా కొండమన్ను, దానిమీదికి దిగే మణుగు బరువు ఇనపదిమ్మ, ఆ దిమ్మను తాడుతో ఎత్తి దించడానికి కొండరైతు సోంబరు.

రోడ్డు పోయే వాలు కిందే సోంబరు చోడిచేను, అంటే రాగిచేను. కూలి ఎంతంటారా? వెట్టి! శాస్త్రసేవకు ఎవరైనా కూలి అడుగుతారా?

బండిచక్రం ఒకసారి తొక్కితే ఏ మన్నయినా ఓర్చుకుంటుంది. వెయ్యిసార్లు తొక్కితే? అది తేల్చడానికే ఈ యజ్ఞం. ఎత్తు, దించు. ఎత్తు, దించు. మూడోరోజుకి సోంబరు అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. మన్ను మాత్రం నూలుపోగు మందం కూడా కుంగలేదు.

"పాసు!" అన్నారు ఓవర్సీరుగారు స్కేలు తీసి.

సోంబరు తాడు వదిలేశాడు.

"బాబూ, ఇది ఎండలో మన్ను. ఓన పడితే అంబలైపోతాది. రోడ్డు జారితే నా సేనుమీదే పడతాది."

"లేబరేటరీలో వాన ఉండదురా!"

సోంబరు తన నడుముకున్న నీళ్లబుర్ర విప్పి డబ్బాలో కుమ్మరించాడు. పదిసార్లు ఎత్తి దించేసరికి దిమ్మ సగం మన్నులో దిగబడింది.

"సూసినారా బాబూ?"

చూశారు. పళ్లు కొరికారు. శాంపిలు పాడుచేసినందుకు ఇంకో పదిరోజులు వెట్టి వేసి, ఎండుమన్ను లెక్కే రిపోర్టులో రాసి పంపారు. నిజమే కదా, రిపోర్టు తడిస్తే పైవాళ్లు చదవగలరా?

రెండు నెలల్లో రోడ్డు పడింది, బండ్లు నడిచాయి. శ్రావణంలో నాలుగురోజులు ఎడతెగని వాన. ఐదోనాటి పొద్దున రోడ్డు అమాంతం జారి సోంబరు చేనుమీద కూర్చుంది. మోకాలెత్తు ఎదిగిన చోడిలో ఒక్క మొక్క కనబడలేదు. భార్య ఈశ్వరమ్మ బురదలోకి దిగి చేతులతో తవ్వింది. సోంబరు ఆమె భుజం పట్టి లేవదీసి ఇంటికి తీసుకెళ్లాడు.

విచారణ జరిగింది. జరగదా మరి! తప్పెవరిదని తేలింది? మన్నుకి నీళ్లు అలవాటు చేసిన సోంబరుదట! మళ్లీ పరీక్ష చెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఓవర్సీరుగారు గొడుగేసుకుని సోంబరు గుమ్మంలోకి స్వయంగా దయచేశారు.

"ఒరే, జారిన రోడ్డు మన్ను ఒక తట్టెడు కావాల. బేగి పట్రా!"

సోంబరు కూర్చున్నచోటునుంచి కదల్లేదు. చేనువైపు చెయ్యి చూపించాడు.

"అక్కడున్నాది బాబూ. తట్టెడేటి? మొత్తం ఎత్తుకుపోండి."